ఫ్లోరెన్స్ నైటింగేల్: చేతికి పని నేర్పిన టీచర్



ఈ నెల మనం చెప్పుకోబోయే వ్యక్తి పేరు మీ అందరికీ తెలుసు. ఏ స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టినా ఒక పాప తెల్ల గౌను వేసుకుని, చేతిలో దీపం పట్టుకుని స్టేజి ఎక్కుతుంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ అని చెప్పి, నాలుగు లైన్లు అప్పజెప్పి దిగిపోతుంది. ఆ నాలుగు లైన్లలో యుద్ధం ఉంటుంది, దయ ఉంటుంది, దీపం ఉంటుంది. ఆమె ఒక స్కూలు పెట్టిందన్న సంగతి మాత్రం సాధారణంగా ఉండదు. టీచర్‌ని కాబట్టి నాకు ఆ స్కూలు సంగతే ఎక్కువ ఇష్టం.

పేరెంట్ టీచర్ మీటింగుల్లో నేను ఎక్కువగా వినే మాట కాన్ఫిడెన్స్. మా అమ్మాయికి అన్నీ వచ్చు మేడం, చేయమంటే మాత్రం భయపడుతుంది అంటారు. తెలిసిన పనిని భయం లేకుండా చేయడం ఎలా వస్తుంది, అనుకోని చిక్కు వచ్చినప్పుడు తనంతట తాను ఆలోచించడం ఎలా వస్తుంది? ఇవి ఫ్లోరెన్స్‌కి కూడా ఎదురైన ప్రశ్నలే. కాకపోతే ఆమె క్లాస్‌రూమ్ ఆస్పత్రి వార్డు. అక్కడ తప్పు చేస్తే పోయేది మార్కులు కాదు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. బాగా కలిగిన ఇంగ్లీషు కుటుంబం. డెర్బీషైర్‌లో ఒక ఇల్లు, హాంప్‌షైర్‌లో ఇంకో పెద్ద బంగళా. ఆ రోజుల్లో అలాంటి ఇళ్ల ఆడపిల్లలకు పియానో, కుట్టుపని, నలుగురిలో మాట్లాడే తీరు వస్తే చాలు అనుకునేవారు. తండ్రి విలియం మాత్రం ఇద్దరు కూతుళ్లనూ దగ్గర కూర్చోబెట్టుకుని గ్రీకు, లాటిన్, చరిత్ర తనే చెప్పాడు. ఫ్లోరెన్స్‌కి లెక్కలంటే మహా ఇష్టం. విడిగా లెక్కల ట్యూషన్ కావాలని అడిగితే, పెళ్లి చేసుకుని వెళ్లిపోయే పిల్లకు లెక్కలెందుకని తల్లి అభ్యంతరం చెప్పింది. ఆ లెక్కలు తర్వాత ఎన్ని ప్రాణాలకు అక్కరకొచ్చాయో ముందు ముందు చూద్దాం.

1837లో, 16 ఏళ్ల వయసులో, దేవుడు తనను ఏదో సేవకు పిలిచాడని ఆమెకు గట్టిగా అనిపించింది. ఏ సేవో తెలుసుకోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఊళ్లో జబ్బుపడ్డ పేదవాళ్ల ఇళ్లకు వెళ్లి, పక్కన కూర్చుని చూసుకునేది. 1845లో అలా ఒక పేద స్త్రీ ఆమె కళ్ల ముందే చనిపోయింది. ఆ మంచం చుట్టూ మనుషులు లేక కాదు. ఉన్నవాళ్లలో ఏం చేయాలో తెలిసినవాళ్లు లేరు. ప్రేమ ఉన్నంత మాత్రాన పని రాదని, జబ్బుమనిషిని చూసుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని ఆమెకు అక్కడే అర్థమైంది. నా దృష్టిలో ఆమె జీవితం మలుపు తిరిగింది యుద్ధంలో కాదు, ఈ గుడిసెలో.

అదే ఏడాది, సాలిస్‌బరీ ఆస్పత్రిలో మూడు నెలలు ఉండి పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగింది. ఆ ఆస్పత్రి పెద్ద డాక్టర్ వాళ్ల కుటుంబ స్నేహితుడే. అయినా ఇల్లంతా ఒక్కసారిగా గోల. అప్పట్లో నర్సు అంటే చదువు రాని, తాగే అలవాటున్న ఆడవాళ్లు చేసే పని అని పేరు. మనం నవ్వుకోనక్కర్లేదు. బీఎస్సీ నర్సింగ్ చేరతానని ఇప్పటి పిల్ల అంటే, ఏం, ఎంబీబీఎస్ రాలేదా అని అడిగే చుట్టాలు మనకీ ఉన్నారు.

ఇంట్లో వద్దన్నారు కాబట్టి ఆమె పుస్తకాల మీద పడింది. తెల్లవారకముందే లేచి, చలిలో కొవ్వొత్తి పెట్టుకుని, ఆస్పత్రుల రిపోర్టులు, పారిశుద్ధ్యం మీద ప్రభుత్వం వేసిన పుస్తకాలు చదివి నోట్సు రాసుకునేది. టిఫిన్ వేళకు ఏమీ ఎరగనట్టు కిందికి దిగి వచ్చేది. ఇలా ఏళ్లు గడిచాయి. ఏళ్ల తరబడి తనను కోరుకున్న ఒక మంచి సంబంధాన్ని కూడా 1849లో కాదనేసింది. థియరీలో ఆమెను కొట్టేవాళ్లు అప్పటికి ఇంగ్లండ్‌లో తక్కువమందే ఉండి ఉంటారు. కానీ తను ఇంకా నర్సు కాదని ఆమెకు తెలుసు. ఎవరి కన్ను ముందైనా ఒక్క కట్టు కట్టింది లేదు.

చివరికి 1851లో, 31 ఏళ్ల వయసులో, జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కైజర్స్‌వెర్త్ అనే చోటికి వెళ్లింది. పాస్టర్ ఫ్లీడ్నర్ అక్కడ ఒక ఆస్పత్రి, అనాథ పిల్లల ఇల్లు, సేవికల శిక్షణ నడిపేవాడు. తెల్లవారుజామున 5 గంటలకు లేవడం, గంజి లాంటి తిండి, రోజంతా పని. బంగళాలో పెరిగిన అమ్మాయి అక్కడ పుండ్లు కడిగింది, ఆపరేషన్లలో పక్కన నిలబడింది, చనిపోతున్నవాళ్ల దగ్గర కూర్చుంది. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఈ మూడు నెలల సంగతి గుట్టుగా ఉంచారు. అక్కడి నర్సింగ్ శిక్షణ గొప్పదేమీ కాదని, శుభ్రత అసలే బాగాలేదని తర్వాత ఆమె నిర్మొహమాటంగా రాసింది. అయినా ఆమె తొలిసారి చేత్తో పని చేసింది అక్కడే.

1853 ఆగస్టులో లండన్ హార్లీ స్ట్రీట్‌లో, జబ్బుపడ్డ మధ్యతరగతి స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయింది. అక్కడ ఆమె మొదట చూసింది రోగుల్ని కాదు, నర్సుల కాళ్లని. నర్సులు రోజంతా మెట్లెక్కి దిగుతున్నారు. వేడినీళ్లకు కిందికి, భోజనానికి కిందికి, ఎవరు బెల్ కొట్టారో చూడటానికి మళ్లీ పైకి. ఇలా తిరిగే మనిషికి రోగిని చూసుకునే టైమ్ ఎక్కడిది? అందుకని ప్రతి అంతస్తుకూ వేడినీళ్ల పైపు వేయించాలని, భోజనం పైకి లాగే చిన్న లిఫ్టు పెట్టించాలని, ఏ గది బెల్ మోగిందో నర్సు ఉన్న చోటే కనిపించే ఏర్పాటు చేయాలని కోరింది. ఈ రోజుల్లో కాలేజీల్లో ప్రాబ్లం సాల్వింగ్ అని ఒక పీరియడ్ పెట్టి చెబుతున్నారు. ఈ బెల్ కథ ఒక్కటి చెబితే సగం సిలబస్ అయిపోతుందని నాకనిపిస్తుంది. సమస్యను కష్టంగా తీసుకోకుండా, ఎక్కడ ఎందుకు టైమ్ పోతోందో చూసింది, అంతే.

ఆ తర్వాత కథ ప్రపంచానికంతటికీ తెలుసు. 1854లో క్రిమియా యుద్ధం. గాయపడ్డ బ్రిటిష్ సైనికులు దిక్కులేక చనిపోతున్నారని పత్రికల్లో వచ్చింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెను వెళ్లమని కోరాడు. 38 మంది నర్సులతో అక్టోబర్ 21న బయల్దేరి, నవంబర్ 4న ఇప్పటి ఇస్తాంబుల్‌లో భాగమైన స్కూటారి చేరింది. ఆ 38 మందిలో క్యాథలిక్ నన్స్ ఉన్నారు, ఇంగ్లండ్ చర్చికి చెందిన సిస్టర్లు ఉన్నారు, ఆస్పత్రుల్లో జీతానికి పనిచేసిన నర్సులు 14 మంది ఉన్నారు. కొందరికి భక్తి ఉంది, పని రాదు. కొందరికి పని వచ్చు, క్రమశిక్షణ లేదు. కొందరిని వెనక్కి పంపేయాల్సి వచ్చింది. శిక్షణ లేని మంచి మనసు ఎంత దూరం వస్తుందో ఆమెకు మళ్లీ తెలిసింది.

అక్కడి డాక్టర్లు మొదట వీళ్లను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె గొడవ పడలేదు. డాక్టర్లు పిలిచేదాకా ఎవరూ రోగిని ముట్టుకోవద్దని తన నర్సులకు చెప్పి, అందరినీ కూర్చోబెట్టి పాత గుడ్డలతో దిండ్లు, కట్లు కుట్టించింది. కొద్ది రోజులకే ఇంకర్మన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లు ఓడల్లో వచ్చి పడ్డారు. డాక్టర్లే వచ్చి పిలిచారు. వంటగది పెట్టించింది, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు కూలి ఇచ్చి బట్టలు ఉతికించింది. రాత్రిళ్లు దీపం పట్టుకుని వార్డుల్లో తిరగడం కూడా నిజమే. దీపం ఫొటో మనకు మిగిలింది, చాకిరేవు మిగలలేదు.

కానీ ఇంత చేసినా ఆ చలికాలంలో చావులు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరిన ప్రతి 100 మందిలో సుమారు 42 మంది చనిపోయారు. మార్చిలో లండన్ నుంచి ఒక పారిశుద్ధ్య కమిషన్ వచ్చింది. వాళ్లు ఆస్పత్రి కింద నిండిపోయిన మురుగు కాలువల్ని కడిగించారు, గాలి ఆడేలా గోడలు తెరిచారు, నీళ్లు వచ్చే దారిలో పడి ఉన్న గుర్రం కళేబరాన్ని తీయించారు. జూన్‌కి ఆ 42 సుమారు 2 కి దిగింది.

ఆమె గొప్పతనం నాకు ఈ తర్వాత కనిపిస్తుంది. స్కూటారిలో ఉన్నప్పుడు, తిండి, సామాన్లు అందకపోవడం వల్లే సైనికులు చనిపోతున్నారని ఆమె అనుకుంది. 1856లో ఇంగ్లండ్ తిరిగి వచ్చాక, విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంది. అంకెలు వేరే కథ చెప్పాయి. తుపాకీ గుండ్ల కంటే రోగాలు ఎన్నో రెట్లు ఎక్కువమందిని తీసుకుపోయాయి, ఆ రోగాలను పెంచింది ఆస్పత్రుల మురికి, గాలాడని గదులు. అప్పటికే ఆమె దేశానికి దేవత. ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ లెక్కల్ని రంగు రంగుల గుండ్రటి చార్టుగా వేసి, మంత్రులకూ రాణికీ అర్థమయ్యేలా చేసింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమే. తల్లి వద్దన్న లెక్కలివి. క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆమెను వదల్లేదు. మిగిలిన జీవితంలో చాలా భాగం ఆ పనంతా గదిలో మంచం మీద నుంచే నడిపింది.

ఇప్పుడు ఆ స్కూలు దగ్గరికి వద్దాం. ఆమె మీద కృతజ్ఞతతో ప్రజలు చందాలు వేసుకుంటే సుమారు 45,000 పౌండ్లు పోగయ్యాయి. ఆ డబ్బుతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ స్కూలు మొదలైంది. మొదటి బ్యాచ్ 15 మందికి మించలేదు. ఏడాది శిక్షణ. ఉండటానికి గది, భోజనం, యూనిఫాం ఇచ్చి, పైగా ఏడాదికి 10 పౌండ్లు చేతి ఖర్చుకి ఇచ్చేవారు. మేట్రన్ శారా వార్డ్రోపర్ చూసుకునేది. ఆరోగ్యం సహకరించక ఫ్లోరెన్స్ తను వెళ్లి పాఠం చెప్పలేకపోయింది. చేసిన పనల్లా ఆ స్కూల్లో ఏం నేర్పాలో, ఎలా కొలవాలో రాసి ఇవ్వడం.

ఆమె తయారు చేసిన రికార్డు షీట్ చూస్తే మన ప్రోగ్రెస్ కార్డులు చిన్నబోతాయి. ప్రతి ట్రైనీ గురించి నెలనెలా దాన్ని నింపాలి. ఒక భాగంలో ప్రవర్తన. టైముకి రావడం, నెమ్మదితనం, నమ్మకస్తురాలా కాదా, శుభ్రత. ఇంకో భాగంలో పనులు. పుండుకు డ్రెస్సింగ్ చేయడం, జలగలు పట్టించడం, ఎనిమా ఇవ్వడం, కదల్లేని రోగిని పక్కకు తిప్పడం, పడక పుండ్లు పడకుండా చూడటం, రోగి మంచం మీద ఉండగానే కింద దుప్పటి మార్చడం, కట్టు కట్టడం, ఆపరేషన్‌లో అందించడం, జావ, ఆరారూట్, గుడ్డు కలిపిన పానీయం చేయడం, వార్డులో గాలి ఆడేలా చూడటం. ఒక్కొక్క పనికి విడిగా గ్రేడు. చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, సరిగా రాలేదు, సున్నా.

ఈ షీట్‌లో నన్ను ఆకట్టుకున్నది ఒకటే. కట్టు కట్టడంలో సున్నా వచ్చిన అమ్మాయికి జావ కాయడంలో చాలా బాగుంది అని రావచ్చు. మొత్తం కలిపి నువ్వు వీక్ స్టూడెంట్ అనే ముద్ర దాంట్లో లేదు. ఏది రాదో తెలుస్తుంది, కాబట్టి రేపు వార్డులో ఏం ప్రాక్టీస్ చేయాలో కూడా తెలుస్తుంది. బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్‌లో మా సూపర్‌వైజర్ వెనక బెంచీలో కూర్చుని ఇలాంటి షీటే నింపేవారు. బ్లాక్‌బోర్డ్ వాడకం ఒక కాలమ్, ప్రశ్నలు అడిగే తీరు ఒక కాలమ్. ఆ కాలమ్స్ లేకపోతే క్లాస్ బాగుందమ్మా అనే ఒక్క మాటతో ఏం చేసుకోవాలో మాలో ఎవరికీ తెలిసేది కాదు.

షీట్‌లో ఒక అంశం అన్నిటికంటే పెద్దది. రోగిని గమనించడం. నాడి, ఊపిరి, చర్మం, ఆకలి, నిద్ర, తెలివిలో ఉన్నాడా, మందు ఏం పని చేసింది, పుండు ఎలా ఉంది, అన్నీ చూసి చెప్పగలగాలి. దీని గురించి ఆమె 1859లో రాసిన నోట్స్ ఆన్ నర్సింగ్ అనే చిన్న పుస్తకంలో ఒక పెద్ద అధ్యాయమే ఉంది. అందులో ఆమె చెప్పిన విషయం ఒకటి మన ఇళ్లలో రేపే పనికొస్తుంది. రోగికి ఆకలి లేదు అని నర్సు రిపోర్టు ఇస్తుంది. కానీ దాని వెనక నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. వంట బాగాలేకపోవచ్చు. ఆ రోగికి పడని పదార్థం ఇచ్చి ఉండొచ్చు. తినలేని వేళకి పెట్టి ఉండొచ్చు. లేదా నిజంగానే ఆకలి చచ్చిపోయి ఉండొచ్చు. నాలుగింటికీ నాలుగు మందులు. అన్నిటినీ ఆకలి లేదు అనే ఒక్క మాటలో కలిపేస్తే ఏదీ నయం కాదు. రాత్రి బాగా నిద్ర పట్టిందా అని అడగడం కూడా ఆమెకు నచ్చేది కాదు. ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏ వేళలో మెలకువ వచ్చింది అని అడగమంది. పిల్లాడు స్కూలు నుంచి రాగానే ఎగ్జామ్ బాగా రాశావా అని అడిగే మనకి ఈ తేడా అర్థం కావాలి. బాగా రాశాను అంటాడు, అక్కడితో కథ అయిపోతుంది.

గమనించే అలవాటు పుట్టుకతో రాదని, సాధనతో వస్తుందని చూపడానికి ఆమె ఒక గారడీవాడి సంగతి రాసింది. అతను తన కొడుకుని బొమ్మల దుకాణం ముందు నుంచి వేగంగా నడిపించుకుపోయేవాడు. ఆ తర్వాత ఇద్దరూ అద్దాల్లో తాము చూసిన వస్తువుల్ని కాగితం మీద రాసుకుని, వెనక్కి వెళ్లి సరిచూసుకునేవారు. తండ్రి 30 వస్తువులు చెబితే కొడుకు 40 చెప్పేవాడట. గారడీ కోసం ఇంత సాధన చేస్తే, ప్రాణాలు చూసే నర్సు ఎంత చేయాలన్నది ఆమె వాదన. ఈ ఆట మీరు ఇంట్లో ఆడొచ్చు. బజారుకు వెళ్లి వచ్చేటప్పుడు సరిపోతుంది. గెలిచేది మాత్రం పిల్లలే, ముందే చెబుతున్నాను.

అయితే స్కూలు పెట్టగానే అంతా చక్కగా నడిచిందనుకోకండి. 1871లో ఆస్పత్రి థేమ్స్ ఒడ్డున కొత్త భవనంలోకి మారింది. పడకలు పెరిగాయి, పని పెరిగింది. అప్పుడు ఫ్లోరెన్స్ దగ్గరగా విచారించి చూస్తే అసలు సంగతి బయటపడింది. ట్రైనీలను చవక కూలీల్లా వాడుతున్నారు. డాక్టర్ చెప్పవలసిన పాఠాలు దాదాపు ఆగిపోయాయి. రికార్డులు మొక్కుబడిగా నింపుతున్నారు. తన పేరు మీద నడుస్తున్న స్కూల్లోనే చాకిరీ ఉంది, చదువు లేదు. రోజుకి పన్నెండు గంటలు వార్డులో తిరిగినంత మాత్రాన పని రాదు. ఎందుకు చేస్తున్నామో చెప్పేవాళ్లు, చేశాక చూసేవాళ్లు ఉండాలి.

ఆమె ఊరుకోలేదు. జాన్ క్రాఫ్ట్ అనే సర్జన్‌ని పెట్టి క్రమంగా పాఠాలు, పరీక్షలు మొదలుపెట్టించింది. ట్రైనీలు ఉండే ఇంట్లోనే హోమ్ సిస్టర్ అనే ఒక కొత్త మనిషిని నియమించారు. సాయంత్రాలు వాళ్లతో కూర్చుని, లెక్చర్ నోట్సు సరిచూసి, అర్థం కానిది మళ్లీ చెప్పడం ఆమె పని. ఫ్లోరెన్స్ తన గదికి ట్రైనీలను ఒక్కొక్కరినే పిలిపించుకుని, టీ ఇచ్చి, వార్డులో ఏం చేశారో, ఏం చూశారో గుచ్చి గుచ్చి అడిగి, వాళ్లు వెళ్లాక నోట్సు రాసుకునేది. 1872 నుంచి చాలా ఏళ్లపాటు ట్రైనీలందరికీ కలిపి ఉత్తరాలు రాసింది. సర్టిఫికెట్ వచ్చిందని నేర్చుకోవడం ఆపేసిన నర్సు వెనక్కి పోతున్నట్టేనని వాటిలో పదే పదే గుర్తు చేసింది.

ఇలా తయారైనవాళ్లే బయటికి వెళ్లి స్కూళ్లు పెట్టారు. అగ్నెస్ జోన్స్ 1865లో లివర్‌పూల్‌లో నిరుపేదల ఆస్పత్రికి వెళ్లి, మూడేళ్లకే టైఫస్ జ్వరంతో చనిపోయింది. లూసీ ఆస్‌బర్న్ ఇంకో ఐదుగురితో 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరింది. అడగడానికి పక్కన టీచర్ లేరు. నేర్చుకున్నదానితోనే అక్కడి చిక్కులన్నీ విప్పుకోవాలి. తను అక్కడ లేనప్పుడు కూడా తను ఉన్నట్టే పని జరిగేలా చూడటమే మేనేజ్‌మెంట్ అని ఫ్లోరెన్స్ తన పుస్తకంలో రాసింది. ఆ సూత్రానికి ఈ అమ్మాయిలే పరీక్ష.

ఆమె అన్నిటిలో ఒప్పు అనను. రోగాలు క్రిముల వల్ల అంటుకుంటాయన్న సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. 1887 తర్వాత నర్సులకు పరీక్ష పెట్టి, ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయాలన్న ఉద్యమం వస్తే గట్టిగా ఎదిరించింది. కాగితం మీద రాసే పరీక్ష మంచి నర్సుని పట్టుకోలేదని ఆమె భయం. ఆ చట్టం ఆమె పోయాక 1919లో గానీ రాలేదు. రిజిస్టర్ విషయంలో ఆమె పొరబడిందనే నేననుకుంటాను. ఎవరు శిక్షణ పొందారో ప్రజలకు తెలియాలి కదా. పరీక్ష గురించి ఆమె భయం మాత్రం తీసిపారేయలేం. మన దేశంలో ఈ రోజు నర్సింగ్ విద్యార్థులు స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మనిషి మీద ఇంజెక్షన్, డ్రెస్సింగ్, సీపీఆర్ ప్రాక్టీస్ చేశాకే వార్డులోకి వెళ్తున్నారు. ఎగ్జామినర్ ముందు చేసి చూపిస్తేనే ప్రాక్టికల్ మార్కులు పడతాయి. మొదటిసారి సూది పట్టుకున్నప్పుడు వణికిన చెయ్యి ఇరవయ్యోసారికి వణకదు. ఆ మధ్య పద్దెనిమిది సార్లూ పక్కన నిలబడి చూసే మనిషి ఉంటే.

మన నేలతో కూడా ఆమెకు ఒక సంబంధం ఉంది. ఆమె ఎప్పుడూ ఇండియా రాలేదు. కానీ 1859లో ఇక్కడి సైన్యం ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ కోసం, దేశంలోని సైనిక స్థావరాలకు ప్రశ్నల పత్రాలు పంపించి, వచ్చిన జవాబుల్ని లండన్‌లో మంచం మీద కూర్చుని మోపులు మోపులుగా చదివింది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, మురుగు ఎటు పోతుంది, ఇవే ప్రశ్నలు. తర్వాత కరువుల మీద, సాగునీటి మీద ఆమె దృష్టి పడింది. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర, సర్ ఆర్థర్ కాటన్, కాలువలే కరువుకి మందు అని వాదిస్తుంటే, లండన్‌లో ఆయన తరఫున గట్టిగా రాసినవాళ్లలో ఆమె ఒకరు. 1876లో మొదలై 1878 దాకా సాగిన దక్షిణాది కరువులో లక్షలమంది పోయినప్పుడు, పత్రికల్లో ఆ సంగతి పదే పదే ఎత్తింది. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని ఊరు వెతకాలి. ఆయన పక్షాన నిలిచిన ఈ స్త్రీ పేరు అక్కడ ఎవరూ తలుచుకోరు.

చివరి సంవత్సరాల్లో ఆమె చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో నిద్రలోనే వెళ్లిపోయింది. రాజులను, మహాకవులను ఉంచే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేద్దామన్నారు. ఆమె కోరిక అది కాదని కుటుంబం ఒప్పుకోలేదు. హాంప్‌షైర్‌లో ఈస్ట్ వెల్లో అనే పల్లె చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన ఉంచారు. సమాధి రాయి మీద పేరు కూడా పూర్తిగా లేదు. ఎఫ్.ఎన్. అని రెండు అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ.